పదునెక్కిన నేల

అనంతపురపు మెట్టపొలములలో వాన వెలసిన మరునాడు రైతు ఆకాశమును చూడడు; వంగి మన్ను చూచును. గుప్పెడు మన్ను తీసి పిడికిట బిగించి, అది ఉండకట్టినదా, పొడిగా రాలిపోయినదా అని పరీక్షించును. "వాన పడినదా?" అను ప్రశ్నకు ఊరివారందరును ఒకే సమాధానము చెప్పగలరు. "పదునైనదా?" అను ప్రశ్నకు మాత్రము ఏ చేనికి ఆ చేనే సమాధానము చెప్పవలెను. ఒకే మేఘము, ఒకే వాన. ఒక చేను తడిసి విత్తునకు సిద్ధమగును. ప్రక్క చేను వచ్చిన నీటినంతయు వంకలోనికి వదలి, ప్రొద్దు తిరుగునప్పటికే ఎండి బిగిసిపోవును.

కురియుట వేరు, ఇంకుట వేరు. ఆధ్యాత్మిక సత్యము విషయమునను ఈ భేదమే ముఖ్యమని క్రైస్తవ గ్రంథము బోధించుచున్నది. గలిలయ సముద్రతీరమున పడవలో కూర్చుండి, ఒడ్డున గుమిగూడిన జనులకు యేసు చెప్పిన విత్తువాని ఉపమానమునకు సారమిదియే. మత్తయి సువార్త 13వ అధ్యాయమునను, మార్కు 4వ అధ్యాయమునను, లూకా 8వ అధ్యాయమునను ఈ కథ కలదు. విత్తువాడు చల్లిన గింజలలో కొన్ని దారిప్రక్కను పడగా పక్షులు మ్రింగినవి. కొన్ని రాతినేల మీద పడి వెంటనే మొలచి, ఎండ తగులగానే మాడినవి. కొన్ని ముండ్లపొదలలో పడి, పెరిగిన ముండ్లచే అణగారినవి. మంచి నేలను పడినవి మాత్రము ముప్పదంతలుగా, అరువదంతలుగా, నూరంతలుగా ఫలించినవి. గింజ దేవుని వాక్యమనియు, నేల వినువాని హృదయమనియు యేసే శిష్యులకు వివరించెను.

ఈ కథను వివరించుటకు అనంతపురపు పీఠభూమి కంటె తగిన చోటు తెలుగునాట దొరకుట కష్టము. పడమటి కనుమల నీడలో నున్న ఈ సీమకు నైరుతి ఋతుపవనము అలసి వచ్చును. తూర్పు తీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును ఇచటికి కొద్దిపాటి వాననే తెచ్చును. సంవత్సరమునకు సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానములోని జైసల్మేరు తరువాత దేశమున మిక్కిలి తక్కువ వాన గల జిల్లాగా దీనిని చెప్పుట పరిపాటి. 2022లో జిల్లా రెండై, దక్షిణ భాగము శ్రీసత్యసాయి జిల్లాగా ఏర్పడినది. కాని కరవు ఆ గీటును గుర్తింపదు. ఎర్రనేల చాలచోట్ల పలుచన. జానెడు లోతు దాటకమునుపే మడకకు గరుసో రాయియో తగులును.

గొర్రుతో సాలు తప్పక విత్తు ఇచటి రైతునకు ఈ కథలో ఒక సంగతి మొదట విడ్డూరముగా తోచును. వేరుసెనగ విత్తనము వెల గలది. అప్పు చేసి తెచ్చిన విత్తనమును దారిమీదను, రాతిమీదను ఎవడు చల్లును? ఈ ఆశ్చర్యమే ఉపమానమునకు ద్వారము. మనుష్యుడు ఫలము రాదని తెలిసిన చోట విత్తడు. ఈ విత్తువాడు మాత్రము నేలను ముందుగా త్రోసివేయడు. అన్నిటికిని సమానముగా చల్లును. కావున ఫలము రాకపోయిన యెడల లోపము విత్తువాని చేతిలో లేదు, గింజలోను లేదు. ప్రశ్న నేలవైపు తిరుగుచున్నది.

ముగ్గురు సువార్తికులు ఒకే కథను చెప్పినను, రాతినేలను గూర్చి వారి మాటలలో చిన్న తేడా కలదు. మొలక ఎండుటకు మన్ను లోతుగా లేకపోవుట కారణమని మత్తయి, మార్కులు చెప్పిరి. తేమ లేకపోవుట కారణమని లూకా చెప్పెను. ఈ రెండు మాటలును ఒకే సత్యమునకు రెండు ముఖములని మెట్టరైతునకు వ్యాఖ్యానము లేకయే తెలియును. లోతు లేని నేలలో పదును నిలువదు. పదును నిలువని నేలలో వేరు దిగదు. పలుచని మన్ను త్వరగా వేడెక్కును గనుక అందు మొలక త్వరగా వచ్చును. చూచువారికి ఆ చేనే అన్నిటికంటె ముందుగా పచ్చబడినట్లు కనబడును. పిమ్మట బెట్ట వచ్చును. ఇరువది దినములు వాన మొగము చాటు చేసినచో, ఊడలు దిగవలసిన వేళకు ఆ పచ్చదనము వాడి వ్రాలిపోవును.

హృదయములును ఇట్లే యున్నవి. ఒక ప్రసంగము విని కన్నీరు కార్చి, వారము తిరుగకమునుపే మరచువారు రాతినేల. వారి సంతోషము కపటము కాదు. దానికి వేరు లేదు, అంతియే. దారిప్రక్క నేల కథ వేరు. అదియు ఒకప్పుడు మెత్తని మన్నే. పదిమంది పాదములు త్రొక్కి త్రొక్కి దానిని బండగా చేసినవి. వినివిని అలవాటుపడిన చెవికి వాక్యము క్రొత్తగా వినబడదు. ఈ జబ్బు గుడికి రాని వారికంటె గుడిలో పెరిగినవారికే ఎక్కువ. ముండ్లనేల నిజముగా సారము గలదే. సారము లేనిదే ముండ్లు పెరుగవు. ఐహిక విచారములును ధనాశయు అను ముండ్లు అచ్చట వాక్యముతోపాటు పెరుగును. వాక్యమును వెళ్లగొట్టవు; దానికి చోటు లేకుండ చేయును.

నేల యెట్టిదో అట్లే యుండవలసినదేనా? కొందరు ఈ ఉపమానమును విధి వ్రాతగా చదివి, కొన్ని హృదయములు పుట్టుకతోనే రాళ్లని తలచుదురు. మెట్టరైతు ఆ మాటను ఒప్పుకొనడు. అతడు వేసవిలో దుక్కి దున్నును. రాళ్లేరి గట్టున పేర్చును. ఎండిన చెరువు పూడికమట్టిని బండ్లతో తోలి పలుచని నేలకు పైపూత వేయును. కంప నరికి వేళ్లతో పెకలించును. వాలునకు అడ్డముగా గట్టు వేసి పరుగెత్తు నీటిని నడిపించును, నడుచు నీటిని నిలుపును. వాన కురిపించు శక్తి అతనికి లేదు. కురిసిన వానను వృథాగా పోనీయక నిలుపుకొను శక్తి కలదు. దేవుని కృపకును మనుష్యుని ప్రయత్నమునకును గల సంబంధమును ఇంతకంటె సుబోధకముగా చెప్పుట కష్టము.

తెలుగు బైబిలులో దీనికి తగిన మాట యొకటి కలదు: మారుమనస్సు. గ్రీకు మూలములోని 'మెటనోయియా' అను పదమునకు ఇది సాటి. పశ్చాత్తాపమనగా జరిగినదానికి వగచుట మాత్రమే. మారుమనస్సు అనగా చూచు తీరే మారుట, నేల తిరుగబడుట. అడుగు మన్ను పైకి, పై మన్ను అడుగునకు పోవు దుక్కి అది. హృదయమను మాటనుగూడ ఇచట జాగ్రత్తగా గ్రహింపవలెను. హెబ్రీయుల భావనలో హృదయము కేవలము ఉద్వేగమునకు స్థానము కాదు. ఆలోచనకు, సంకల్పమునకు గూడ అదియే స్థానము. కావున తెరచిన హృదయమనగా కరగిన మనస్సు మాత్రమే కాదు, మేల్కొన్న బుద్ధియు.

ఈ పీఠభూమిపై అట్టి దుక్కి క్రైస్తవ బోధకులు రాకమునుపే సాగినది. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో సమాధి గల వేమన, మనస్సు శుద్ధి కాని పూజ వ్యర్థమని ఆటవెలదిలో ఊరూర నాటెను. కడపలో పనిచేసిన సి. పి. బ్రౌను ఆ పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. బాహ్యాచారమునకు లోబడక అంతరంగమున వెదకు అలవాటు ఈ నేలకు క్రొత్త కాదు.

18వ శతాబ్ది తొలి దశకములలో ఫ్రెంచి జెసూట్ గురువులు పుదుచ్చేరి నుండి ఎగువసీమకు వచ్చిరి. వారి బోధ విని అనంతపురపు ప్రాంతమున ఆలమూరులోని రెడ్డి కుటుంబములు కొన్ని క్రైస్తవమును స్వీకరించినవి. పిదప యుద్ధములచేతను కలతలచేతను ఆ వంశములవారు గుంటూరు సీమకు తరలిపోయి, అచ్చటి కథోలిక సంఘములకు మూలమైరి. నేలను విడిచినను గింజను విడువలేదు. వాక్యమును తెచ్చినవారికిని హృదయము తెరువవలసిన పని కలదని ఆ గురువులలో నొకడైన గాస్తోఁ లోరాఁ కేర్దూ చరిత్ర తెలుపుచున్నది. 1691లో పుట్టిన ఆయన తెలుగును సంస్కృతమును శ్రద్ధతో నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో బంధుత్వము కలదని 1767లో పారిసు పండితులకు వ్రాసెను. విలియం జోన్సు ఆ సంగతినే కలకత్తాలో ప్రకటించినది 1786లో. నేర్పుటకు వచ్చినవాడు నేర్చుకొనుటచేతనే ఈ వెలుగు లభించినది.

తెలుగులో వాక్యము అచ్చయిన చరిత్రయు అట్టిదే. 1805లో జార్జి క్రాను, అగస్టసు డెస్ గ్రాంజెసు అను లండను మిషనరీలు విశాఖపట్టణము చేరిరి. వారికి అనువాదమున తోడ్పడినవాడు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణుడు. ఆయన మంత్రజపముతో చాలకాలము సాధన చేసియు శాంతి పొందక, తరంగంబాడి చేరి క్రైస్తవుడైనవాడు. క్రాను 1809లోను, డెస్ గ్రాంజెసు 1810లోను గతించిరి. వారి శ్రమఫలముగా 1812లో శ్రీరామపురమున మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చయినవి. విత్తువాని ఉపమానము గల సువార్తలు సరిగా ఆ మూడే. ఆ అచ్చు సువార్తలలో ఈ కథ మూడుమారులు కలదన్నమాట. ఆనందరాయరు జపము చేసిన సంవత్సరములు వ్యర్థమైనవని చెప్పుట తగదు. ఆ వెదకుటయే దుక్కి.

ఒంగోలు సీమలో ఎర్రగుంట్ల పేరయ్య కథ దీనిని మరింత స్పష్టము చేయును. మాదిగ కులమున పుట్టి తోళ్ల వ్యాపారము చేసిన ఈయన, ఒక స్త్రీ గురువు వద్ద యోగము నేర్చి ధ్యానము అభ్యసించినవాడు. క్రైస్తవ బోధ చెవిని పడినప్పుడు, తాను వెదకుచున్నది ఇదియేనని గుర్తించి 1866లో బాప్తిస్మము పొందెను. అక్షరము రాదని, అంటరానివారని లోకము త్రోసివేసిన వాడలలో ఇంతటి అన్వేషణ సాగుచుండెనని పండితులు ఎరుగరు. సత్యమును గ్రహించుటకు పాండిత్యము అర్హత కాదు; దాహము అర్హత.

దాహమును గూర్చి చెప్పునప్పుడు ఆకలిని గూర్చిన కఠినమైన ప్రశ్న యొకటి ఎదురుపడును. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టు చేతి మతమును స్వీకరించినచో, అది తెరచిన హృదయమా, తెరచిన నోరా? 1876-78 నడుమ దక్షిణాపథమును పీడించిన ధాత కరవులో ఈ ప్రశ్న ప్రత్యక్షముగా వచ్చినది. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలో భాగము. ప్రత్యేక జిల్లాయైనది 1882లో. బళ్లారి జిల్లా ఆ కరవున ఘోరముగా దెబ్బతిన్నది. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము పని గుత్తకు తీసికొని, వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు లెక్కకు మిక్కిలి. ఆయన సుమారు 15 నెలలపాటు ఎవరికిని బాప్తిస్మము ఈయలేదు. కరవు కూలి నిలిచిపోయి, మిషను నుండి అన్నమాశింప పనిలేని కాలమునకు ఆ నిర్ణయమును వాయిదా వేసెను. కూలి ఆగినను వారు రాక మానలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కార్యమును నిర్వహించినవారు తెలుగు బోధకులు.

ఆ వేలమందిలో ప్రతివాని హృదయమును తూచుట మనుష్యులకు సాధ్యము కాదు. కాని ఆ నిరీక్షణలో గొప్ప నీతి కలదు. వాన కురియుచుండగా ఏ చేనైనను తడిగానే యుండును. బెట్టలో నిలిచిన పైరే వేరుగల పైరు. ఆకలిని అవమానమును అనుభవించినవాడు గౌరవముతో పిలుచు స్వరమును వినగోరుట తప్పు కాదు. యేసు బోధను మొదట ఆదరించినవారును అట్టి దీనులే. ఆ పిలుపు లాభముతో ముడిపడియుండరాదని జాగ్రత్తపడుట పిలుచువాని ధర్మము. ముడి విడిన పిమ్మట నిలుచుట వినువాని పరీక్ష.

నిలిచినవారికి మరియొక పరీక్ష మిగిలియుండెను. తెలుగునాట క్రైస్తవ సంఘములలోనే కులభేదము చాలకాలము ముండ్లకంపవలె పెరిగినది. వివాహములలోను, కొన్నిచోట్ల కూర్చుండు బల్లలలోను, శ్మశానములలోను ఆ గీటు కనబడినది. వాక్యమును స్వీకరించితిమని చెప్పుకొన్న నేలలోనే, వాక్యము నరుకుమన్న కంప మిగిలినది. ఉపమానములోని ముండ్లు ధనాశ మాత్రమే కావు. పుట్టుకను గూర్చిన గర్వమును అందొకటి. సత్యమును స్వీకరించుట ఒకనాటి పని కాదని దీనివలన తెలియుచున్నది. కలుపు ఏటేట తీయవలసినదే.

తెరచిన హృదయమనగా విన్నదానినెల్ల నమ్ముటయా అని విద్యార్థులు అడుగవచ్చును. అడుగుట న్యాయము. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో బెరయ పట్టణపు శ్రోతల ప్రస్తావన కలదు. వారు పౌలు బోధను ఆసక్తితో స్వీకరించిరి; స్వీకరించుచునే అది నిజమా కాదా అని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. గ్రంథకర్త వారిని నిందింపలేదు, ఘనులని ప్రశంసించెను. ఆసక్తి లేని పరిశోధన దారిప్రక్క నేల. గింజను పైననే ఉంచి పక్షులకు అప్పగించును. పరిశోధన లేని ఆసక్తి రాతినేల. వేగిరపడి మొలచి వేగిరమే ఎండును. రెండును కలిసినచోటనే లోతు. గొర్రు పట్టకమునుపు విత్తనము పుచ్చా మంచిదా అని చూడని రైతు లేడు. చూచినవాడు విత్తక మానడు.

ఇక ఫలము. మంచి నేలను గూర్చి లూకా చెప్పినదానిలో ఓపిక అను గుణము కలదు. వాక్యమును ఉంచుకొని ఓపికతో ఫలించువారని భావము. యాకోబు పత్రికలో తొలకరి వర్షమునకును కడవరి వర్షమునకును కనిపెట్టుకొనియుండు కాపు ప్రసక్తి వచ్చును. పాలస్తీనాలో శరత్కాలమున నేలను మెత్తపరచునది తొలకరి; వసంతమున గింజకు పాలుపోయునది కడవరి. రెంటికిని నడుమ నుండునది నిరీక్షణయే. ఆ నిరీక్షణ అనంతపురమునకు చక్కగా తెలియును.

1969లో ఈ కరవుసీమకు విసెంటె ఫెర్రరు అను స్పెయిను దేశీయుడు వచ్చెను. 1920లో బార్సెలోనాలో పుట్టి, 1952లో జెసూటుగా భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రలో మన్మాడు ప్రాంతమున రైతులతో బావులు త్రవ్వించిన వాడాయన. 1968లో దేశము విడువవలసి వచ్చి, మరుసటి యేట తిరిగివచ్చి అనంతపురమున నిలిచెను. పిదప జెసూటు సంఘమును వదలి, ఆన్ పెర్రీ అను నామెను వివాహమాడి, ఆమెతో కలిసి గ్రామీణాభివృద్ధి సంస్థను నడపెను. పాఠశాలలు, ఇండ్లు, బత్తలపల్లి మొదలగు చోట్ల ఆసుపత్రులు, వాననీటిని నిలుపు కట్టడములు ఆ సంస్థ కృషి. మతము మారుమని అడుగక, దళితవాడల మధ్య ఆయన 40 ఏండ్లు పనిచేసెను. 2009 జూన్ 19న అనంతపురమున కన్నుమూయగా అన్ని మతములవారును కన్నీరు పెట్టిరి. ఆయన దేహమును బత్తలపల్లిలో ఖననము చేసిరి. సువార్త మాటగా కాక నీడగా, నీరుగా అందినచోట దానిని వినుటకు చెవులకంటె కన్నులు చాలును. వాక్యము ఒక హృదయములో ఇంకినదనుటకు గుర్తు, ఆ హృదయము చుట్టునున్నవారి దాహము తీరుట.

పాఠశాలలో ఉపాధ్యాయుడు దినదినము విత్తువాడు. ఎదుట కూర్చున్న నలుబదిమందిలో ఏది దారియో, ఏది రాతిపట్టో, ఏది ముండ్లపొదయో మొదటి వారమే నిర్ణయించుకొని కొందరికి మాత్రమే చల్లవలెనను ఆశ అతనికి కలుగును. ఉపమానములోని విత్తువాడు అట్లు చేయలేదు. ఇంతకు మించిన సంగతి మరియొకటి కలదు. ఉపాధ్యాయుడును ఒక నేలయే. ఇరువది యేండ్లు అదే పాఠము చెప్పి చెప్పి, అతని మనస్సు దారిప్రక్క మన్నువలె బిగిసియుండవచ్చును. పసివాడు అడిగిన ప్రశ్న దానిని పెకలించు మడక కావచ్చును. విద్యార్థికిని ఇదియే మాట. పరీక్షకై బట్టీపట్టినది వాన. తన జీవితమును మార్చినది పదును.

మేఘము ఎప్పుడు వచ్చునో ఎవడును చెప్పలేడు. వచ్చినప్పుడు నేల దున్నియుండవలెను. అనంతపురపు కాపు తరతరములుగా చేయుచున్నది ఇదియే. హృదయము విషయమున చేయవలసినదియు ఇంతియే.